పదహారేళ్ల వాళ్ల లక్కపిడతలు

(శ్రీకాకుళంలో తల్లిదండ్రులు, ఇంటర్మీడియెట్ విద్యార్థులు కలిసి హాజరైన ఒక సమావేశంలో ఉద్దానం ప్రాంతపు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను పిలిచినవారు 'పిల్లలు, ఫోను, ఆటలు' అని మూడు మాటలు చెప్పి, మిగిలింది మీ ఇష్టం మేస్టారూ అన్నారు. ముందు వరుసల్లో కూర్చున్న తల్లుల ముఖాలు చూస్తుంటే, వెనక వరుసల్లో తల వంచుకుని కూర్చున్న తమ పిల్లలకు నా చేత నాలుగు చీవాట్లు పెట్టించాలన్న కోరికతోనే ఈ ఎండలో ఇంత దూరం వచ్చారని అర్థమవుతోంది. ఇరవై ఆరేళ్లుగా బడిలో చేస్తున్న పని అదే కాబట్టి, ఈ ఒక్క సాయంత్రం నాకు దాని నుంచి సెలవు ఇప్పించమని వేడుకుంటున్నాను. పైగా నేను మాట్లాడబోయేది ఫోనులో ఆడే అన్ని ఆటల గురించీ కాదు. తుపాకులు పేల్చే ఆటల గురించి కాదు, డబ్బు పెట్టి ఆడే పేకాట గురించి అసలే కాదు. ఇల్లు కట్టుకోవడం, వంట చేసుకోవడం, మొక్కకు నీళ్లు పోయడం, పొరుగువారి పుట్టినరోజుకు గుర్తుపెట్టుకుని కానుక పట్టుకెళ్లడం, ఇలాంటి పనులే ఆటగా ఉన్న ఒక రకం ఆటలున్నాయి. వాటిని జీవన అనుకరణ ఆటలు అనవచ్చు. పిల్లలు సిమ్యులేటర్ అంటారు, నేనూ అప్పుడప్పుడు అలాగే అంటాను. మనకు రోజూ విసుగు పుట్టించే ఇంటి చాకిరీని పోగుచేసి తెరమీద పెడితే, పదమూడేళ్లు మొదలుకొని పంతొమ్మిదేళ్ల దాకా ఉన్న పిల్లలు అన్నం వేళ మరిచిపోయి దాన్ని ఎందుకు చేస్తున్నారన్నదే నాకు తోచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కొన్నేళ్ల కిందట పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, మధ్యాహ్న భోజనం వేళ బడి వెనక గోడ దగ్గర కూర్చుని ఫోనులో ఏదో చూస్తూ నాకు దొరికింది. బడికి ఫోను తేకూడదు కాబట్టి తీసుకున్నాను. అందులో పబ్జీ లాంటిదేదో ఉంటుందనుకున్నాను. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం ఆ ఆటను నిషేధించినప్పుడు ఊరి పెద్దలందరికీ దాని పేరు తెలిసిపోయింది, అప్పటి నుంచి పిల్లల చేతిలో ఏ ఆట కనబడినా మనం దాన్ని పబ్జీ అనే అంటున్నాం. తీరా చూస్తే తెరమీద ఒక చిన్న చెక్క ఇల్లు, ఇంటి ముందు దున్నిన నాలుగు మడులు, ఒక పిల్ల చేతిలో నీళ్ల డబ్బా. 'ఏటమ్మా ఇది?' అన్నాను. 'పంట ఏత్తన్నాను మేస్టారూ' అంది. ఆ అమ్మాయి తండ్రి రైతు. కూతురు పొలం గట్టు ఎక్కకూడదు, చదువుకుని ఉద్యోగం చెయ్యాలన్నది ఆయన పట్టుదల. నిజం పొలంలో అడుగుపెట్టనివ్వని ఇంట్లోంచి వచ్చిన పిల్ల, నా బడి గోడ నీడన దొంగచాటుగా వ్యవసాయం చేస్తోంది. ఆ ఫోనును సాయంత్రం దాకా నా బల్ల సొరుగులో ఉంచాను కానీ, ఆ సంగతిని మాత్రం ఇప్పటికీ ఏ సొరుగులోనూ పెట్టలేకపోయాను.

ఆ తరవాత ఈ ఆటలు ఎక్కడ పుట్టాయో, ఎవరు చేశారో తెలుసుకునే పనిలో పడ్డాను. చరిత్ర అంతా చెప్పి మిమ్మల్ని విసిగించను. 1985లోనే కంప్యూటరు లోపల ఒక చిన్న మనిషి కాపురం ఉన్నట్టు చూపించిన ఆట ఒకటి వచ్చింది, 1996లో జపాను నుంచి అరచేతిలో ఇమిడే గుడ్డు ఆకారపు టమగోచీ వచ్చి, వేళకు తిండి పెట్టకపోతే చచ్చిపోయే బొమ్మజీవిని లక్షలాది పిల్లల చేతిలో పెట్టింది. వీటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నలుగురు మనుషుల కథ. వాళ్ల గురించి కొంచెం తీరిగ్గా చెబుతాను.

మొదటివాడు విల్ రైట్ అనే అమెరికా దేశస్థుడు. నగరాన్ని కట్టి నడిపే సిమ్‌సిటీ అనే ఆటను 1989లో తెచ్చి అప్పటికే పేరు సంపాదించాడు. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో పెద్ద కార్చిచ్చు రేగి వేల ఇళ్లు బూడిదయ్యాయి, అందులో ఈయన ఇల్లూ పోయింది. ప్రాణాలతో బయటపడ్డాక, మళ్లీ కాపురం పెట్టాలంటే ముందు ఏం కొనాలి, తరవాత ఏం కొనాలి, మనిషికి ఏ వస్తువు దేనికి అక్కరకొస్తుంది అని కూర్చుని లెక్క వేసుకోవలసివచ్చింది. ఆ లెక్కలోంచి ఒక ఆట ఆలోచన పుట్టింది. చెబితే సంస్థలో పెద్దగా ఎవరికీ నచ్చలేదు. ఇది బొమ్మరిల్లు, బొమ్మరిల్లు ఆడపిల్లలది, ఆడపిల్లలు కంప్యూటరు ఆటలు ఆడరు అన్నది వాళ్ల వాదన. దాదాపు తొమ్మిదేళ్లకు, 2000 సంవత్సరం ఫిబ్రవరిలో 'ది సిమ్స్' అన్న పేరుతో అది బయటికి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి కంప్యూటరు ఆటల్లో అప్పటిదాకా అత్యధికంగా అమ్ముడైన ఆట అదే అయింది, ఆడేవారిలో ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ పెద్దమనుషులు తరవాత ఏమన్నారో ఎక్కడైనా రాసి ఉంటే చదవాలని నాకు కోరికగా ఉంది.

రెండవవాడు జపాను దేశపు యసుహిరో వాడా. పల్లెటూళ్లో పెరిగి, పని కోసం టోక్యో చేరాక, వదిలి వచ్చిన ఊరు మనసులో మెదిలి, యుద్ధాలూ హత్యలూ లేకుండా సాగుచేసుకు బతికే ఆట ఒకటి 1996లో చేశాడు. హార్వెస్ట్ మూన్ అన్న పేరుతో అది పడమటి దేశాలకు వెళ్లింది. మూడవవాడు కత్సుయా ఎగుచి. చిబా నుంచి క్యోటోకు ఉద్యోగానికి వెళ్లి, ఇంటివాళ్లూ స్నేహితులూ పక్కన లేక దిగులుపడినవాడు. ఇరుగుపొరుగుతో కలిసి ఊరికే కాలక్షేపం చేసే ఒక ఊరిని ఆటగా చేసి 2001లో తెచ్చాడు. అదే యానిమల్ క్రాసింగ్. నాలుగవవాడి కథ వింటే మన జిల్లా కుర్రాడి కథే అనిపిస్తుంది. ఎరిక్ బరోన్ 2011లో కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకుని, ఉద్యోగం దొరక్క, సాయంత్రాలు ఒక నాటకశాలలో ప్రేక్షకులను కుర్చీల దాకా తీసుకెళ్లే చిన్న పని చేసుకుంటూ, మిగిలిన వేళంతా ఇంట్లో కూర్చుని బొమ్మలూ సంగీతమూ కథా ప్రోగ్రామూ అన్నీ తానే చేసి, నాలుగున్నరేళ్లు కష్టపడి 2016 ఫిబ్రవరిలో స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటను విడుదల చేశాడు. అది ఇప్పటికి నాలుగు కోట్ల ప్రతులు దాటింది. మా బడి అమ్మాయి గోడ నీడన ఆడుతున్నది ఆ ఆటే. హైదరాబాదులో పనిచేసే అన్నయ్య కొని పెట్టాడట.

నలుగురినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకడికి ఇల్లు కాలిపోయింది, ఒకడు పల్లె వదిలాడు, ఒకడు మనవాళ్లనే మాటకు దూరమయ్యాడు, ఒకడికి చదువుంది కానీ కొలువు లేదు. లేనిదాన్ని మళ్లీ చేతులారా కట్టుకోవాలన్న తపనలోంచి ఈ ఆటలు పుట్టాయి. పలాస స్టేషన్లో రైలెక్కి చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోయిన తండ్రులూ అన్నలూ లేని ఇల్లు మన పల్లెల్లో వెతికినా దొరకదు కాబట్టి, ఈ తపన ఎలాంటిదో శ్రీకాకుళం వాళ్లకు నేను వివరించనక్కరలేదు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. మీలో యాభై దాటిన అమ్మలందరూ లక్కపిడతలతో ఆడుకున్నవాళ్లే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కి, లక్క రంగులు అద్ది చేసిన చిన్న పొయ్యి, చిన్న చేట, చిన్న రోలు, గ్లాసులు. బువ్వలాటలో ఇసుకే అన్నం, చింతాకే పప్పు. ఒకతి అమ్మ, ఒకతి అత్త, ఒకతి అలిగి పుట్టింటికి వెళ్లిపోయే కోడలు. బొమ్మల పెళ్లికి నిజంగానే పెద్దలు కూడా బెల్లం ముక్క పంచేవారు. ఆ ఆటలో ఎనిమిదేళ్ల పిల్ల, ఇంట్లో తనకు ఎన్నటికీ దొరకని పెత్తనం చేసేది. కానీ ఆ ఆటకు ఒక గడువుండేది. పన్నెండేళ్లు రాగానే 'ఇంకా బొమ్మలేంటే' అని లక్కపిడతలను అటక ఎక్కించేవారు, ఆ తరవాత ఒకటి రెండేళ్లకే నిజం పొయ్యి ముందు కూర్చోబెట్టేవారు. ఆటకూ సంసారానికీ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఖాళీ పదేళ్లకు పెరిగింది. పదమూడేళ్లకు మనిషి సగం పెద్దవాడవుతాడు, ఇరవై మూడేళ్లు వచ్చేదాకా అతడి చేతికి ఏ పనీ ఇవ్వం, ఏ నిర్ణయమూ వదలం. నేను ఆ పాత కాలమే మంచిదని అనడం లేదు, ఆడపిల్లకు చదువు దక్కిన కాలమే మంచిది. ఆ పదేళ్ల ఖాళీలో పిల్లలు ఏం చేస్తారని మాత్రం మనం ఆలోచించలేదు. వాళ్లు అటక మీది లక్కపిడతలను దింపుకుని ఫోనులో పెట్టుకున్నారు.

ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త, 'నేనెవరు' అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే కౌమారంలో ప్రధానమైన పని అన్నాడు. పెద్దల బాధ్యతలు నెత్తిన పడకముందు రకరకాల పాత్రలను వేసి చూసుకునేందుకు సమాజం ఆ వయసువారికి కొంత వ్యవధి ఇవ్వాలని, అప్పులవాడు కొన్నాళ్లు వాయిదా ఇచ్చినట్టు అది ఒక వాయిదా అనీ ఆయన భావన. ఆయన బతుకే ఇందుకు ఉదాహరణ. కన్నతండ్రి ఎవరో తెలియకుండా సవతి తండ్రి పేరుతో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు తన ఇంటిపేరును తానే పెట్టుకున్నాడు. ఈ ఆటల్లో ఏది తెరిచినా మొదట అడిగేది కూడా అదే కదా, నీ పేరేమిటి, నీ జుట్టు ఎలా ఉండాలి, నువ్వు ఎలాంటివాడివి అని. మన దగ్గర పదిహేనేళ్ల పిల్లవాడిని మనం అడిగే ప్రశ్న ఒక్కటే ఉంది: ఎంపీసీయా, బైపీసీయా? దానికి జవాబు కూడా ముందే మనమే రాసి పెట్టి ఉంచుతాం.

మొదటి సిమ్స్ ఆటలో ప్రతి మనిషికీ ఎనిమిది అవసరాలుంటాయి. ఆకలి, సుఖం, శుభ్రత, కాలకృత్యం, ఓపిక, వినోదం, నలుగురితో మాట, ఉన్న గది తీరు. తెర అడుగున ఎనిమిది గీతలుగా అవి ఎప్పుడూ కనబడుతుంటాయి, నిండితే పచ్చగా, తగ్గితే ఎర్రగా. నలుగురితో మాట్లాడటాన్ని తిండీ నిద్రల పక్కన అంతే పొడవు గీతగా పెట్టడం నాకు ఎంతో నచ్చింది. వసతిగృహాలున్న కార్పొరేటు కళాశాలల దినచర్య పట్టిక ఎవరైనా చూసి ఉంటే, తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాటేదాకా సాగే ఆ పట్టికలో ఈ ఎనిమిదింటిలో ఎన్నింటికి చోటుందో లెక్కపెట్టండి. నా విద్యార్థి ఒకడు సెలవులకు ఇంటికొచ్చి ఈ ఆటను పరిచయం చేస్తూ, 'మేస్టారూ, ఈడికి నిద్ర తగ్గితే గీత ఎర్రబడతాది, అప్పుడు నేను పడుకోబెట్టేత్తాను' అన్నాడు. 'మరి నీ గీత?' అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అయితే పిల్లలను ఈ ఆటలకు కట్టిపడేసేది పెత్తనం ఒక్కటే కాదని నేను వాళ్లతో మాట్లాడాకే తెలుసుకున్నాను. నాకు మొదట తోచని సంగతి ఒకటి వాళ్లే చెప్పారు. అది చూపులు లేకపోవడం. మన ఊళ్లలో పదహారేళ్ల పిల్ల వీధిలోకి వస్తే ఎన్ని కళ్లు ఆమెతో నడుస్తాయో మీకు తెలుసు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఈ బట్టలేమిటి. ఇంట్లో ఆమెకు తలుపు వేసుకోగల గది ఉండదు. ఒక అమ్మాయి అన్న మాట రాసి పెట్టుకున్నాను: 'ఆ ఇంట్లో నన్ను ఎవులూ ఏటీ అడగరు మేస్టారూ.' ఆమె ఆ ఇంట్లో చేసే ఘనకార్యం ఏమిటని చూస్తే, గోడకు రంగు మార్చడం, కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసుకోవడం. మగపిల్లల సంగతి వేరేగా ఉంది. అన్నం వండటం, ఇల్లు సర్దడం, పసిబిడ్డను ఆడించడం వాళ్లు ఈ ఆటల్లో సిగ్గులేకుండా, ఇష్టంగా చేస్తారు. ఆ పనులే వంటింట్లో చేస్తే మనమే కదా 'ఆడంగి' అని వెక్కిరిస్తాం.

మరొకటి, తప్పు చేసే వీలు. సిమ్స్‌లో వంట రాని మనిషి చేత పొయ్యి వెలిగిస్తే ఇల్లు అంటుకుంటుంది. మొదటి ఆటలో, ఈతకొలనులో దిగినవాడికి నిచ్చెన తీసేస్తే పైకి ఎక్కలేక చచ్చిపోయేవాడు. ఈ ఆట ఆడిన ప్రతి తరమూ ఈ నిచ్చెన పని ఒక్కసారైనా చేసింది. ఇది విని గుండెలు బాదుకోకండి. చీమల బారుకు అడ్డంగా నీళ్లు పోసి ఏమవుతుందోనని చూసిన చేతులు ఈ సభలోనూ చాలా ఉన్నాయి. నీట్ ర్యాంకు తగ్గితే ఏడాది పోతుంది, ఒక మాట తూలితే ఊరంతా తెలిసిపోతుంది, ఆటలో మాత్రం పాత పొద్దు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పుట్టుక నుంచి చావు దాకా ఒక్కో మీట నొక్కితే ఒక్కో ఏడు గడిచే బిట్‌లైఫ్ అనే ఆట ఉంది, బొమ్మలు కూడా పెద్దగా ఉండవు, అంతా మాటలే. ఒక పూటలో పది జన్మలు ఎత్తవచ్చు. అందులో చిన్నపిల్లలకు తగని విషయాలున్నాయి, అది వేరే సంగతి, దాన్ని నేను పదో తరగతి లోపు వాళ్లకు వద్దనే అంటాను. కానీ ఒకడు డాక్టరుగా, దొంగగా, పదిమంది పిల్లల తండ్రిగా, సన్యాసిగా వరసగా బతికి చూసి, 'ఎలాగ బతికినా ఆకరికి సచ్చిపోతన్నాను మేస్టారూ' అని దిగులుగా వచ్చి చెప్పినప్పుడు, నేను ఇరవై ఏళ్లు వేమన పద్యాలు చెప్పి పుట్టించలేని ఆలోచన అది అని ఒప్పుకోవలసివచ్చింది.

ఈ ఊరిలో 1997లో కాళీపట్నం రామారావు గారు తెలుగు కథల కోసం ఒక నిలయాన్నే కట్టారు. కథలు చదివి పెరిగినవాడిగా నాకు మొదట ఈ ఆటల మీద చిన్నచూపే ఉండేది. కథలో ఒక మనిషి తీసుకున్న నిర్ణయానికి మనం సాక్షులం, ఆటలో మనమే కర్తలం, అదే తేడా. కథ మనకు ఇచ్చేంత లోతు ఈ ఆటల్లో నాకు ఇంకా దొరకలేదు, ఆ మాట దాచను. పొరుగువాళ్లతో ఎంత మాట్లాడినా వాళ్లు చెప్పిందే చెబుతారు, వరసగా నాలుగు కానుకలిస్తే స్నేహం అయిపోతుంది. మనుషులు అలా ఉంటే మన బంధువుల గొడవలన్నీ ఒక సంక్రాంతితో తీరిపోయేవి.

ఇక్కడికి వచ్చాం కాబట్టి ఈ ఆటలు చెప్పే అబద్ధాల గురించి చెప్పాలి. స్టార్‌డ్యూ వ్యాలీలో ఏడాదికి నాలుగు రుతువులు, రుతువుకు సరిగ్గా 28 రోజులు. మొదట వేసే పంట పార్స్‌నిప్ అనే దుంప, చూడటానికి మన తెల్ల ముల్లంగిలా ఉంటుంది. విత్తనం 20 నాణేలు, నాలుగో రోజుకు పంట, అమ్మితే 35 నాణేలు. ఆ ధర మారదు. వాన కురిసిన రోజు నీళ్లు పెట్టనక్కరలేదు, దిష్టిబొమ్మ పెడితే కాకులు రావు, పిడుగులు పడతాయి కానీ పొలమంతా ఏనాడూ ఊడ్చుకుపోదు. యానిమల్ క్రాసింగ్‌లో ఇల్లు కట్టుకోవడానికి అప్పు ఇచ్చే వ్యాపారి ఉన్నాడు, అతడు వడ్డీ అడగడు, గడువు పెట్టడు. మన ఊళ్లలో వారం వారం కంతు వసూలుకు వచ్చేవాళ్లను చూసి పెరిగిన పిల్లలకు ఇది ఎంత గొప్ప కట్టుకథో నేను చెప్పాలా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు నుంచి కవిటి, సోంపేట దాకా ఉద్దానమంతా కొబ్బరి చెట్లు మొదళ్లతో సహా పడిపోయాయి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. పెట్టిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది, పూర్తి ఆదాయం చూడాలంటే ఇంకా ఎక్కువే. తాత నాటిన చెట్టు కింద నిలబడి, నాలుగు గంటల్లో రెండు తరాల ఆదాయం పడిపోవడం చూసిన పిల్లలు ఇప్పుడు ఇంటర్మీడియెట్‌లోనూ ఆపై చదువుల్లోనూ ఉన్నారు. గోడ నీడన పంట వేసిన అమ్మాయి ఆ పిల్లల్లో ఒకతి. కష్టపడితే నాలుగో రోజుకు ఫలం దక్కే నేల వాళ్లకు ఎందుకు తీపి అవుతుందో ఆలోచిస్తే, ఆ ఆటను అబద్ధమని తీసిపారెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఇల్లు కాలిన విల్ రైట్ కూడా ముందు చేసింది సరుకుల జాబితా రాసుకోవడమే.

ఇక ప్రమాదాల గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే అవి మీకు నాకన్నా బాగా తెలుసు. ఒకసారి డబ్బు పెట్టి కొంటే మళ్లీ అడగని ఆటలు తక్కువ. మన పిల్లలు ఆడేవాటిలో చాలావరకు ఉచితంగా వచ్చేవే, ఉచితంగా వచ్చేదాని ఖరీదు మరోచోట ఉంటుంది. హే డే లాంటి ఆటల్లో పంట పండటానికి, రొట్టె కాలడానికి నిజం గడియారంతో వేళ పెడతారు, ఆగలేనివాడు వజ్రాలు కొనాలి, వజ్రాలకు నిజం రూపాయలు కావాలి. అసలు కిటుకంతా ఆ ఆగలేకపోవడంలోనే ఉంది. రోబ్లాక్స్ లాంటి చోట్ల ఆట ఒక్కటే కాదు, ముక్కూ ముఖమూ తెలియనివాళ్లతో మాటా ఉంటుంది, పిల్లల వయసును బట్టి ఆ మాటలకు అడ్డు పెట్టే ఏర్పాటు పెద్దలు చూసుకోవాలి. స్టార్‌డ్యూలో రాత్రి రెండు గంటలయ్యేసరికి ఆడే బొమ్మ సొమ్మసిల్లి పడిపోతుంది, ఆడించే పిల్లవాడు మాత్రం పడిపోడు, మర్నాడు మొదటి పీరియడులో నా ముందు పడతాడు.

ఇదంతా జబ్బేనా అని ఒక తండ్రి నన్ను అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనానికి చోటిచ్చిన మాట నిజమే. కానీ ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నింటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లముందు కనబడుతున్నా మానలేకపోవడం, దానివల్ల చదువూ బంధాలూ దెబ్బతినడం, ఇదంతా మామూలుగా పన్నెండు నెలల పాటు సాగితేనే దాన్ని ఆ పేరుతో పిలవాలని ఆ పట్టికే చెబుతోంది. వేసవి సెలవుల్లో పది రోజులు ఆడినవాడికి ఆ పేరు పెట్టకూడదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో, ఆటగాళ్ల నోటిమాట మీద ఆధారపడకుండా ఆట సంస్థల దగ్గరున్న నిజమైన వేళల లెక్కలు తీసుకుని, యానిమల్ క్రాసింగ్ ఆడేవారితో సహా మూడు వేల పైచిలుకు మందిని పరిశీలిస్తే, ఆడిన సమయానికీ మనసు కుదురుగా ఉండటానికీ మధ్య చిన్నపాటి మంచి సంబంధమే కనబడింది. తరవాత 2022లో ఏడు ఆటలు ఆడే దాదాపు 39 వేల మందితో చేసిన పెద్ద పరిశీలనలో, సమయం వల్ల మేలూ కీడూ చెప్పుకోదగినంత లేదని, ఇష్టంతో ఆడుతున్నారా, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నారా అన్నదే ముఖ్యమని తేలింది. వాటిలో పాల్గొన్నవారు ఎక్కువగా పెద్దవాళ్లు, మన పిల్లలకు ఆ ఫలితాన్ని అలాగే అంటగట్టలేం. అయినా ఆ చివరి ప్రశ్న మన ఇళ్లకూ పనికొస్తుంది. ఎన్ని గంటలు ఆడావని అడిగితే పిల్లవాడు అబద్ధం చెబుతాడు. ఏం కట్టావో చూపించమంటే గంటసేపు చెబుతాడు.

ఇది నాకు తెలిసింది ఆ అమ్మాయి ఇంట్లోనే. పదో తరగతి పరీక్షల ముందు హాజరు సంగతి మాట్లాడటానికి వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రి అరుగు మీద కూర్చున్నారు. తిత్లీలో పోయిన కొబ్బరి స్థానంలో కొత్త మొక్కలు పెట్టి కాపు కోసం చూస్తున్న మనిషి. ఫోను గొడవ ఎత్తి, 'ఏటో పంటంట మేస్టారూ, ఫోనులో' అని విసుక్కున్నారు. నేనే ఉండబట్టలేక, మీ నాన్నకు చూపించమ్మా అన్నాను. పిల్ల భయపడుతూనే చూపించింది. ఆయన కాసేపు చూసి, రైతు అడిగే మొదటి ప్రశ్న అడిగారు.

'ఇత్తనం ఎంత?'

'ఇరవై నాన్నా. పంట ముప్పై అయిదు.'

'ఎవులు కొంతారే?'

'ఈ డబ్బాలో ఏసేత్తే తెల్లారికి డబ్బులొచ్చేత్తాయి.'

'మజ్జెన దళారీ?'

'మజ్జెన ఎవులూ నేరు నాన్నా.'

ఆయన చాలాసేపు నవ్వారు. అలాంటి డబ్బా మన ఊరికి ఒకటి తెప్పించండి మేస్టారూ అని నాతో అన్నారు. తరవాత ఫోను చేతిలోకి తీసుకుని, మొక్కకూ మొక్కకూ మధ్య జాగా వదలలేదేమిటి, గాలి ఆడదు కదా అని కూతుర్ని తప్పుపట్టారు. ఈ ఆటలో గాలి అక్కరలేదని ఆమె చెప్పినా ఒప్పుకోలేదు, వరస విడిచి వరస వేయించారు. ఆమె వేసింది. పరీక్షల సంగతి చెప్పి నేను లేవబోతుంటే, ఆయన తల ఎత్తకుండానే 'కొబ్బరి ఉందేటే ఇందులో?' అని అడిగారు.

'ఉంది నాన్నా. ఎడారిలో దొరుకుతాది.'

'ఎడారిలోనా!'

నిజమే, ఆ ఆటలో కొబ్బరికాయలు ఎడారిలో దొరుకుతాయి. నేనూ తరవాత ఆడి చూశాను. ఈ ఆట చేసినవాడికి అన్నీ తెలుసు కానీ కొబ్బరి ఒక్కటీ తెలియదని ఆయన ఇప్పటికీ ఊళ్లో అందరికీ చెబుతుంటారు.